వైరల్ అయిన మర్నాడు ఆఫీసులో ఏం జరుగుతుంది?

గార్లదిన్నె నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చినా. వీడియో చూడ్డానికి డేటా సరిపోనివాళ్ళ కోసం, బస్సులో సౌండ్ పెట్టుకోలేనివాళ్ళ కోసం ఈ ఎపిసోడ్ మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంటుంది, చదవడానికి వీలుగా అక్కడక్కడా సర్దినాం, అంతే.

ఈ రోజు టాపిక్ ఒక తమ్ముడు పంపిన మెసేజ్‌తో మొదలైంది. ఫైనల్ ఇయర్ బీటెక్, క్యాంపస్‌లో ఆఫర్ కూడా వచ్చింది. ఏమంటాడంటే, "అన్నా, ఇన్‌స్టాలో నేనేదో రాసుకుంటే కంపెనీకి ఏం సంబంధం? నా అకౌంట్, నా ఫోన్, నా ఆదివారం. దానికి ఉద్యోగం ఎట్లా పీకేస్తారు?"

మంచి ప్రశ్న. మన వైపు ఒక ఇంట్లో ఒక్కరికి నెల జీతం వస్తే దాని మీద ఎంతమంది ఆధారపడతారో మీకు చెప్పక్కర్లేదు. వాన మొహం చాటేస్తే శనక్కాయకు పెట్టిన పెట్టుబడి కూడా తిరిగి రాదు. ఆ సంవత్సరం బ్యాంకు కంతు కట్టేది, చెల్లెలి కాలేజీ ఫీజు కట్టేది ఆ ఒక్క జీతమే. అది ఒక స్క్రీన్‌షాట్‌తో పోతుందంటే, ఎట్లా పోతుందో, పోకుండా ఆపే దారి ఏమన్నా ఉందో తెలుసుకోవాల్సిందే.

ఒక మాట ముందే చెప్పేస్తా, ఎపిసోడ్ మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. కంపెనీ ముందుగా "ఇతను తప్పు చేశాడా లేదా" అని చూస్తుందని మనం అనుకుంటాం. చాలాసార్లు మొదటి ప్రశ్న వేరే ఉంటుంది: "ఈ గొడవ పక్కన మా పేరు ఇంకా ఎన్ని గంటలు ఉంటుంది?" తప్పా ఒప్పా అనేది రెండో ప్రశ్న. ఆ రెండో ప్రశ్న అసలు ఎవరైనా అడగాలంటే ఒక పద్ధతి ఉండాలి. నోటీసు, మన జవాబు, దాన్ని వినే మనిషి, కాగితం మీద ఆర్డర్. ఇవి ఉన్న చోట ఏం జరిగింది, లేని చోట ఏం జరిగింది, ఒక్కొక్కటే చూద్దాం.

సర్వర్ పడిపోతే ఏం చేస్తాం?

సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాళ్ళకు ఇది తొందరగా అర్థమవుతుంది. అర్ధరాత్రి ప్రొడక్షన్ డౌన్ అయింది అనుకోండి. ఎందుకు పడిందో వెతుక్కుంటూ కూర్చుంటామా? లేదు. ముందు రోల్‌బ్యాక్ చేసి సైట్ పైకి లేపుతాం. కారణం ఏందో మర్నాడు తీరిగ్గా చూస్తాం.

ఉద్యోగి వైరల్ అయినప్పుడు కంపెనీ చేసేది కూడా దాదాపు ఇదే. హెచ్ఆర్, లీగల్, మీడియా వ్యవహారాలు చూసేవాళ్ళు ఒక కాల్‌లో కూర్చుంటారు. ఈ మనిషి నిజంగా మన దగ్గర పని చేస్తున్నాడా అని రికార్డు చూస్తారు. "విషయం మా దృష్టికి వచ్చింది, విచారిస్తున్నాం" అని రెండు లైన్ల స్టేట్‌మెంట్ వదులుతారు. ల్యాప్‌టాప్, మెయిల్ యాక్సెస్ ఆపుతారు, సెలవు మీద పంపుతారు లేదా సస్పెండ్ చేస్తారు. సర్వీస్ కంపెనీ అయితే ఇంకొకరు కూడా లెక్కలోకి వస్తారు, క్లయింట్. "ఆ మనిషి మా ప్రాజెక్టులో ఉండకూడదు" అని క్లయింట్ ఒక్క మెయిల్ పెడితే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

మీకందరికీ తెలిసిన ఉదాహరణ కోల్డ్‌ప్లే కాన్సర్ట్. 2025 జూలై 16న అమెరికాలో బోస్టన్ దగ్గర స్టేడియంలో పెద్ద స్క్రీన్ మీద ఇద్దరు కనిపించారు, చూడగానే మొహాలు దాచుకున్నారు. ఒకరు ఆస్ట్రానమర్ అనే డేటా కంపెనీ సీఈఓ, ఇంకొకరు అదే కంపెనీ హెచ్ఆర్ హెడ్. జూలై 18న బోర్డు విచారణ మొదలుపెట్టామని చెప్పి సీఈఓను సెలవు మీద పంపింది. 19న ఆయన రాజీనామా చేశారు, బోర్డు ఒప్పుకుంది. తర్వాత కొన్ని రోజులకే హెచ్ఆర్ హెడ్ కూడా వెళ్ళిపోయారు. స్టేట్‌మెంట్, సెలవు, విచారణ, రాజీనామా. పుస్తకంలో రాసినట్టు అన్ని మెట్లూ మూడు రోజుల్లో అయిపోయాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. వాళ్ళు కంపెనీని నడిపేవాళ్ళు. పైగా ఒకరు అందరి ప్రవర్తన మీద రూల్స్ అమలు చేయాల్సిన మనిషి. అంటే గొడవకు, వాళ్ళు చేసే పనికి నేరుగా లింక్ ఉంది. ఆ లింక్ ఎంత దగ్గరగా ఉంటే నిర్ణయం అంత న్యాయంగా అనిపిస్తుంది. ఈ పాయింట్ మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది, గుర్తు పెట్టుకోండి.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

తప్పు జరిగిన రోజు మొదలవుతుంది అనుకుంటాం. 2022 నవంబర్ 26న న్యూయార్క్ నుంచి ఢిల్లీ వచ్చే ఎయిర్ ఇండియా విమానంలో ఒక ప్రయాణికుడు తాగిన మత్తులో పెద్దావిడ మీద మూత్రం పోశాడని ఆరోపణ వచ్చింది. అతను వెల్స్ ఫార్గో అనే అమెరికా బ్యాంకు ఇండియా ఆఫీసులో వైస్ ప్రెసిడెంట్ హోదాలో ఉన్నాడు. విషయం 2023 జనవరి మొదటి వారంలో బయటికొచ్చింది. జనవరి 6న బ్యాంకు అతన్ని తీసేసింది. ఘటనకు, ఉద్యోగం పోవడానికి మధ్య 41 రోజులు. వార్తకు, ఉద్యోగం పోవడానికి మధ్య రెండు మూడు రోజులు. కంపెనీ గడియారం వార్తతో మొదలైంది.

ఇంకోటి. 2018 ఏప్రిల్‌లో కఠువా చిన్నారి హత్య మీద దేశమంతా మండిపోతుంటే, కొచ్చిలో కోటక్ మహీంద్రా బ్యాంకు ఉద్యోగి ఒకడు ఆ పాప చావును సమర్థిస్తూ ఫేస్‌బుక్‌లో కామెంట్ పెట్టాడు. జనం బ్యాంకు పేజీ మీద పడిపోయారు, రేటింగ్‌లు కిందికి లాగేశారు. బ్యాంకు ఏం చెప్పిందో చూడండి. అతన్ని ఏప్రిల్ 11నే తీసేశామని, పనితీరు బాగాలేక తీసేశామని చెప్పింది. ఆ కామెంట్‌ను ఖండించింది కూడా. అంటే కాగితం మీద కారణం పోస్టు కాదు, పెర్ఫార్మెన్స్. అట్లాంటి పోస్టు పెట్టినవాడి మీద మనకెవరికీ జాలి లేదు. కానీ కాగితం మీద రాసే కారణం ముఖ్యమని ఈ కేసు చెప్తుంది. ఎందుకో చట్టం దగ్గరికి వచ్చినప్పుడు చూద్దాం.

మూడోది మన పక్కన బెంగళూరులోనే. 2020 మార్చి, కోవిడ్ మొదలైన రోజులు. అందరూ కలిసి బయటికొచ్చి తుమ్మండి, వైరస్ అంటించండి అని ఇన్ఫోసిస్ ఉద్యోగి ఒకడు ఫేస్‌బుక్‌లో రాశాడు. పోలీసులు అరెస్టు చేశారు. ఇన్ఫోసిస్ మార్చి 27న ఉద్యోగం నుంచి తీసేసింది. వాళ్ళ ప్రకటనలో ఒక మాట చాలామంది పట్టించుకోలేదు. విచారణ పూర్తి చేశాం, ఒకరిని చూసి ఇంకొకరు అనుకున్న కేసు కాదు ఇది, అని ప్రత్యేకంగా రాశారు. పోస్టు పెట్టింది వీడేనా కాదా అనేది ముందు తేల్చుకున్నారన్నమాట. ఇది చిన్న విషయం అనిపిస్తుంది. ఎంత పెద్దదో ఇప్పుడు చెప్తా.

మనిషే వేరే అయితే?

2017 ఆగస్టులో అమెరికాలోని షార్లట్స్‌విల్‌లో తెల్లజాతి తీవ్రవాదుల ర్యాలీ జరిగింది. ఒక ఫొటోలో కాగడా పట్టుకున్నవాడి టీషర్టు మీద ఆర్కాన్సా ఇంజనీరింగ్ అని ఉంది. ఇంటర్నెట్ డిటెక్టివ్‌లు బయల్దేరి ఆ యూనివర్సిటీలో పోలికలున్న ఒక ప్రొఫెసర్‌ను పట్టేశారు. ఉద్యోగం నుంచి తీసేయమని యూనివర్సిటీకి మెసేజ్‌ల వాన. ఇంటి అడ్రస్ కూడా నెట్‌లో పెట్టేశారు. ఆయన ఆ రోజు ఆ ఊర్లోనే లేడు, వందల మైళ్ళ దూరంలో భార్యతో ఉన్నాడు. యూనివర్సిటీ ఆగి చూసింది కాబట్టి ఆయన ఉద్యోగం నిలబడింది. అయినా భయంతో ఆయన, భార్య తోటి ఉద్యోగి ఇంట్లో తలదాచుకోవాల్సి వచ్చింది.

2020 జూన్‌లో శాన్ డియాగోలో ఇంకొకాయనకు అట్లాంటి అదృష్టం లేదు. గ్యాస్, కరెంటు సప్లై చేసే కంపెనీ ట్రక్కు నడుపుతున్నాడు. చెయ్యి కిటికీ బయట పెట్టి వేళ్ళు ఎట్లో తిప్పుతుంటే పక్క బండివాడు ఫొటో తీసి, ఇది తెల్లజాతి అహంకారం సైగ అని పోస్టు చేశాడు. ఈయన మెక్సికన్ మూలాలున్న మనిషి, వేళ్ళు విరుచుకుంటున్నానని చెప్పాడు. వినలేదు. కొన్ని రోజుల్లో ఉద్యోగం పోయింది. ఫొటో పెట్టినవాడు తర్వాత తన పోస్టు తీసేశాడు. పోస్టు వెనక్కి పోయింది, ఉద్యోగం మాత్రం వెనక్కి రాలేదు.

సర్వర్‌ను రోల్‌బ్యాక్ చేసినప్పుడు కారణం తర్వాత చూస్తాం అన్నాను కదా. మనుషుల విషయంలో ఆ "తర్వాత" చాలాసార్లు రానే రాదు. టికెట్ క్లోజ్ అయిపోతుంది. సర్వర్‌కు ఇంటి దగ్గర అమ్మానాన్న ఉండరు, ఈఎంఐ ఉండదు. అదీ తేడా.

ఒకే కంపెనీ, రెండు తీర్పులు

ఇప్పుడు మన జిల్లా కనెక్షన్ ఉన్న పేరు. సత్య నాదెళ్ళ. ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారి యుగంధర్ గారిది మన యాడికి మండలం బుక్కాపురం. నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సంవత్సరమే, 2014 అక్టోబర్ 9న, టెక్నాలజీలో పని చేసే మహిళల కోసం పెట్టిన గ్రేస్ హాపర్ సదస్సులో మాట్లాడారు. జీతం పెంచమని అడగడానికి మొహమాటపడే ఆడవాళ్ళకు మీ సలహా ఏంది అని అడిగితే, అడగడం కన్నా వ్యవస్థ మీద నమ్మకం పెట్టుకోండి, అడగకుండా ఉండటం మంచి కర్మ అన్న అర్థంలో చెప్పారు. స్టేజి మీద ప్రశ్న అడిగిన మరియా క్లావే అప్పుడు మైక్రోసాఫ్ట్ బోర్డులోనే ఉన్నారు. ఆవిడ అక్కడికక్కడే, నేను ఒప్పుకోను అన్నారు. నెట్ అంతా గోల. అదే రోజు నాదెళ్ళ ఉద్యోగులందరికీ మెయిల్ పెట్టారు, నేను ఆ ప్రశ్నకు పూర్తిగా తప్పు జవాబు చెప్పాను అని. విషయం అంతటితో సర్దుకుంది. ఈ రోజుకీ ఆయనే సీఈఓ.

2025 ఏప్రిల్ 4కు రండి. మైక్రోసాఫ్ట్ 50 ఏళ్ళ పండగ. గాజా యుద్ధంలో ఇజ్రాయెల్ సైన్యానికి కంపెనీ టెక్నాలజీ ఇస్తోందని ఇద్దరు మహిళా ఇంజనీర్లు వేడుక మధ్యలో లేచి అరిచారు. ఒకరు అడ్డుకున్న సెషన్‌లో బిల్ గేట్స్, స్టీవ్ బామర్, నాదెళ్ళ ముగ్గురూ స్టేజి మీదే ఉన్నారు. ఏప్రిల్ 7న ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఒకామె అప్పటికే రాజీనామా ఇచ్చి నోటీసులో ఉంది, దాన్ని కంపెనీ ఆ రోజుతోనే ముగించేసింది. అభిప్రాయం చెప్పడానికి లోపల దారులు ఉన్నాయి, కార్యక్రమాన్ని అడ్డుకోవడం కుదరదు అనేది కంపెనీ వాదన.

ఈ రెండూ ఒకటేనని నేను అనట్లేదు. ఒకాయన నోరు జారి వెంటనే సరిదిద్దుకున్నారు. వీళ్ళు తెలిసే, ఉద్యోగం పోతుందని లెక్కేసుకునే లేచారు. అయినా ఒక లెక్క మాత్రం కనపడుతుంది. పైన ఉన్నవాళ్ళకు తమ మాట తామే వివరించుకునే మైకు ఉంటుంది. ఒక మెయిల్ పెడితే లక్షమంది చదువుతారు. కింద ఉన్నవాళ్ళకు ఆ మైకు ఉండదు. అందుకే కింద ఉన్నవాళ్ళకు పద్ధతి ఎక్కువ అవసరం.

ఆదోని అమ్మాయి, సియాటిల్ పోలీసు

ఇక్కడ రైలెక్కి గుత్తి, గుంతకల్లు దాటితే ఆదోని. ఆ ఊరి అమ్మాయి కందుల జాహ్నవి, 23 ఏళ్ళు. సియాటిల్‌లో నార్త్ ఈస్టర్న్ యూనివర్సిటీ క్యాంపస్‌లో మాస్టర్స్ చదువుతోంది. 2023 జనవరి 23 రాత్రి రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దింది. గంటకు 25 మైళ్ళ లిమిట్ ఉన్న రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ళ దాకా పోయిందని విచారణలో తేలింది. ఆమె చనిపోయింది.

మన టాపిక్‌కు సంబంధించింది ఆ తర్వాత జరిగిన సంగతి. డేనియల్ ఆడరర్ అనే ఇంకో పోలీసు అధికారి ఆ రాత్రి అక్కడికి వచ్చాడు. పోలీసు యూనియన్‌లో ఉపాధ్యక్షుడు. యూనియన్ అధ్యక్షుడితో ఫోన్‌లో మాట్లాడుతూ నవ్వాడు, ఆ అమ్మాయి విలువ పరిమితమే అన్నట్టు, పదకొండు వేల డాలర్ల చెక్కు రాసిస్తే సరిపోతుంది అన్నట్టు మాట్లాడాడు. ఒంటి మీద కెమెరా ఆన్‌లోనే ఉంది. డిపార్ట్‌మెంట్‌లోనే ఒక ఉద్యోగి రోజువారీ పనిలో భాగంగా ఆ రికార్డింగ్ విని పైకి పంపారు. 2023 సెప్టెంబర్‌లో వీడియో బయటికొచ్చింది. ఇక్కడ మనం, అక్కడ తెలుగువాళ్ళు, భారత కాన్సులేట్, అందరూ మండిపడ్డారు.

ఆ రోజే తీసేయాలని మనందరికీ అనిపించింది. కానీ అక్కడ యూనియన్ ఒప్పందం ఉంది, పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే ప్రత్యేక ఆఫీసు ఉంది. అతను తన వాదన చెప్పుకున్నాడు: నష్టపరిహారం తగ్గించడానికి సిటీ లాయర్లు ఎట్లా వాదిస్తారో వెక్కిరిస్తూ అన్నాను, ఆ అమ్మాయిని కాదు అని. ఆ వాదన రికార్డు అయింది, తూకం వేశారు. చివరికి 2024 జూలైలో తాత్కాలిక పోలీసు చీఫ్ సూ రార్ అతన్ని డిస్మిస్ చేశారు. ఆ మాటల క్రూరత్వం మొత్తం డిపార్ట్‌మెంట్‌కే తలవంపులు తెచ్చింది, అతన్ని ఉంచితే ప్రజల నమ్మకం నిలబడదు అనేది ఆమె కారణం. కారు నడిపిన అధికారి కెవిన్ డేవ్ మీద నేర కేసు పెట్టమని ప్రాసిక్యూటర్లు 2024 ఫిబ్రవరిలో తేల్చేశారు. ఉద్యోగం మాత్రం 2025 జనవరిలో పోయింది.

వీడియో వచ్చిన దగ్గర్నుంచి పది నెలలు. ఆ అమ్మాయి ఇంట్లోవాళ్ళకు ఆ పది నెలలు ఎట్లా గడిచాయో ఊహించడం కూడా కష్టం. ఆలస్యం కూడా ఒక శిక్షే, అది బాధితుల మీద పడుతుంది. కానీ చివరికి ఒక నిర్ణయం వచ్చింది, దాని కింద కారణం రాసి ఉంది, అతని వాదన కూడా విన్నారని రాసి ఉంది. తర్వాత కోర్టుకు పోయినా ఆ రికార్డు నిలబడి మాట్లాడుతుంది. మన ఊళ్ళలో రచ్చబండ దగ్గర కూడా రెండు వైపులా విన్న తర్వాతే పెద్దమనిషి నోరు విప్పాలి అంటారు. తప్పు చేసినవాడి మీద ప్రేమతో పెట్టిన ఆచారం కాదది. తీర్పు నిలబడాలని పెట్టింది.

గొడవ మన పని గురించే అయితే?

ఇప్పటిదాకా చూసినవాటిలో ఎక్కువ భాగం నోరు జారిన కేసులు, పిచ్చి పోస్టుల కేసులు. ఇంకో రకం ఉంది. పని చేసే చోట తప్పు జరుగుతోందని ఉద్యోగి బయటికి చెప్పడం. దీన్ని ఆ గాటన కట్టకూడదు.

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టర్ సుధాకర్ గారు గుర్తున్నారా? 2020 ఏప్రిల్‌లో, ఎన్95 మాస్కులు లేవు, ఒకే మాస్కుతో రోజులు గడపమంటున్నారు అని కెమెరా ముందు మాట్లాడారు. ప్రభుత్వం ఆయన్ని సస్పెండ్ చేసింది. మే 16న విశాఖలో హైవే మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి పోలీసులు ఆయన్ని లాగుతున్న వీడియో రాష్ట్రమంతా చూసింది. తాగి గొడవ చేస్తున్నాడు కాబట్టి అదుపులోకి తీసుకున్నామని పోలీసులన్నారు. మానసిక ఆసుపత్రికి పంపారు. హైకోర్టు కలగజేసుకుని మే 22న సీబీఐ విచారణకు ఆదేశించింది. దాదాపు ఒక ఏడాదికి, 2021 మే 21న, ఆయన గుండెపోటుతో చనిపోయారు.

ప్రభుత్వ ఉద్యోగికి ప్రైవేటు ఉద్యోగి కన్నా రక్షణ ఎక్కువ. రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, విచారణ లేకుండా డిస్మిస్ చేయడానికి లేదు. అంత రక్షణ ఉన్న మనిషికే అట్లా జరిగింది. ఎందుకంటే సస్పెన్షన్ అనేది చట్టం లెక్కలో శిక్షే కాదు, విచారణకు ముందు మెట్టు మాత్రమే. కానీ ఆ మెట్టు మీద నిలబెట్టిన మనిషికి మాత్రం అది శిక్షలాగే ఉంటుంది. మాస్కులు ఉన్నాయా లేవా అనే అసలు ప్రశ్న పక్కకు పోయి, కెమెరా ముందు ఎందుకు మాట్లాడాడు అనేది ముందుకొచ్చింది. "మా పేరు ఎన్ని గంటలు" అనే ప్రశ్న ప్రభుత్వాలు కూడా వేసుకుంటాయి, ఫ్రెండ్స్.

ఫ్రీడమ్ ఆఫ్ స్పీచ్ ఉంది కదా బ్రో?

ఉంది. కానీ రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చే వాక్ స్వాతంత్ర్యం ప్రధానంగా ప్రభుత్వం నుంచి మనల్ని కాపాడటానికి. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. ఒక పోస్టు "చిరాకు తెప్పించింది" అని పోలీసులు ఆ సెక్షన్ కింద జైల్లో వేసే అవకాశం పోయింది. మంచిదే. కానీ అదే పోస్టు చూసి మీ ప్రైవేటు కంపెనీ, మా కోడ్ ఆఫ్ కండక్ట్‌కు విరుద్ధం అంటే, 19వ అధికరణం చూపించి ఆపడం కష్టం. జాయిన్ అయిన రోజు నలభై పేజీల పీడీఎఫ్‌లో సంతకం పెడతాం చూడండి, అక్కడ "సొంత అకౌంట్లలో కూడా" అనే ముక్క చాలా కంపెనీల్లో ఉంటుంది. తమ్ముడి ప్రశ్నకు సూటి జవాబు ఇదే. అకౌంట్ నీదే, ఆదివారం నీదే, సంతకం కూడా నీదే.

అట్లాగని కంపెనీ ఇష్టారాజ్యం కూడా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది, తెలంగాణలో కూడా అదే చట్టం నడుస్తోంది. దాని 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు ఆగకుండా పని చేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు. నెల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి లేదా నెల జీతం ఇవ్వాలి. తీసేసే ఆర్డర్ కాగితం మీద ఉండాలి. 48వ సెక్షన్‌లో అప్పీల్ దారి కూడా ఉంది. మన అనంతపురం పిల్లలు ఎక్కువమంది పోయేది బెంగళూరుకు. కర్ణాటక చట్టం 39వ సెక్షన్ కూడా ఇట్లాంటిదే. పైగా దుష్ప్రవర్తన పేరుతో నోటీసు లేకుండా తీసేయాలంటే, విచారణ పెట్టి, సాక్ష్యం రికార్డు చేసి నిరూపించాలి అంటుంది. మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవాళ్ళకు ఈ చట్టాల్లో మినహాయింపులు ఉన్నాయి, అది చూసుకోండి.

కాగితం మీద కారణం ముఖ్యమని ఇందాక అన్నది ఇందుకే. "దుష్ప్రవర్తన" అని రాస్తే కంపెనీ నిరూపించాలి. అందుకే చాలాచోట్ల ఆ మాట రాయకుండా, పనితీరు అనో, ప్రాజెక్టు లేదనో రాస్తారు. లేకపోతే ఒక గదిలో కూర్చోబెట్టి, నువ్వే రాజీనామా రాసేయ్, రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం అంటారు. రాజీనామా రాసినాక "నన్ను తీసేశారు" అని వాదించడం చాలా కష్టం.

మనకే జరిగితే?

అందుకే ఇది ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ఒకటి, గొడవ మొదలైన మొదటి గంటలో లైవ్ పెట్టొద్దు, రిప్లైలు ఇవ్వొద్దు. మీరు పెట్టే ప్రతి రెండో పోస్టు మీడియాకు ఇంకో స్క్రీన్‌షాట్.

రెండు, మీ పోస్టు, తేదీ, దాని కింద జరిగిన సంభాషణ మొత్తం మీరూ దాచుకోండి. ముక్క కత్తిరించి తిప్పితే అసలు ఏం రాశారో చూపించేది అదొక్కటే. అకౌంట్ మీది కాకపోతే, ఫేక్ అయితే, వెంటనే సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు పెట్టి ఆ నంబర్ హెచ్ఆర్‌కు పంపండి.

మూడు, హెచ్ఆర్ ఫోన్ చేసి మాట్లాడితే, కాల్ అయినాక "మీరు ఇట్లా చెప్పారు, నేను ఇట్లా చెప్పాను" అని మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. ఆఫీసు మెయిల్ ఆగిపోవచ్చు, కాబట్టి మీ సొంత మెయిల్‌ను కూడా అందులో పెట్టుకోండి. కంపెనీ కోడ్, క్లయింట్ డేటా మాత్రం పంపుకోవద్దు, అది ఇంకో తప్పవుతుంది.

నాలుగు, షోకాజ్ నోటీసు వస్తే గడువులోగా జవాబు ఇవ్వండి. తప్పు జరిగి ఉంటే ఏది తప్పో అంతవరకే ఒప్పుకోండి. నాదెళ్ళ మెయిల్‌లో సాకులు లేవు, అదే దాని బలం.

ఐదు, రాజీనామా కాగితం అదే గదిలో, అదే రోజు సంతకం పెట్టొద్దు. "రేపు చెప్తా" అనే హక్కు మీకుంది. ఆ రాత్రి లేబర్ విషయాలు తెలిసిన వకీలుతో ఒక్కసారి మాట్లాడండి.

ఆరు, పీఎఫ్‌లో జమైన డబ్బు మీది. ఎంత గొడవ అయినా అది కంపెనీ ఆపేసుకునేది కాదు.

ఇంకొక మాట, మన వేలి గురించి. ఎవడో ఏదో రాస్తే, "ఇతన్ని తీసేయండి" అని కంపెనీని ట్యాగ్ చేసేది కూడా మనమే. కొన్నిసార్లు అది న్యాయమే. జాహ్నవి విషయంలో జనం గొంతు లేకపోతే ఆ ఫైలు ఎక్కడో మూలన పడి ఉండేదేమో. కానీ ట్యాగ్ చేసే ముందు ఒక్క నిమిషం రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ మనిషి అతనేనా? అతను చేసినదానికి, చేసే ఉద్యోగానికి సంబంధం ఉందా? పోలీసు ఒక చావును చూసి నవ్వితే సంబంధం ఉంది. ట్రక్కు డ్రైవర్ వేళ్ళు విరుచుకుంటే లేదు.

ఆఫర్ లెటర్ వచ్చిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ రాత్రికే ఆ పీడీఎఫ్ తెరిచి "సోషల్ మీడియా" అని సెర్చ్ కొట్టండి. ఎన్ని లైన్లు ఉన్నాయో, అర్థం కానివి ఏవో నాకు రాయండి. కంపెనీ పేరు, మీ పేరు తీసేసి వచ్చే ఎపిసోడ్‌లో ఒక్కొక్కటి విడమర్చి చెప్తా. ఉంటాను మరి.